రిప్రెసర్ ప్రోటీన్లు – రోగనిరోధక నియంత్రణ: చారిత్రక పరిణామం

జన్యువు అనులేఖనాన్ని అడ్డుకునే ప్రోటీన్‌ను రిప్రెసర్ అంటారు. ఈ భావనను 1961లో జాకబ్, మోనో ఇ.కోలై బాక్టీరియాపై పరిశోధనల ఆధారంగా వివరించారు. 1966లో గిల్బర్ట్, ముల్లర్-హిల్ లాక్ రిప్రెసర్‌ను వేరుచేశారు.

రోగనిరోధక శాస్త్రంలో ఇటువంటి నియంత్రణ ప్రాధాన్యం ఎలుకల ద్వారా తెలిసింది. 1949లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో కనిపించిన 'స్కర్ఫీ' మగ ఎలుకలు కొద్ది వారాలకే చనిపోయేవి. వాటి టి-కణాలు సొంత అవయవాలపైనే దాడి చేసేవి. ఇందుకు ఫాక్స్‌పీ3 జన్యులోపమే కారణమని 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ బృందం గుర్తించింది. మగ శిశువుల ప్రాణాలు తీసే ఐపెక్స్ వ్యాధికీ ఇదే మూలమని ఆ ఏడాదే తేలింది.

నియంత్రక టి-కణాల వికాసానికి ఫాక్స్‌పీ3 ఆధారమని 2003లో సకగుచి తదితరులు చూపారు. ఇది కొన్ని జన్యువులను ప్రేరేపిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-2 వంటి జన్యువులను అణచివేస్తుంది. బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచిలకు 2025లో నోబెల్ బహుమతి లభించింది. శత్రువుపై దాడి ఎంత అవసరమో, సొంత కణజాలంపై దాడిని ఆపడమూ అంతే అవసరమని ఈ చరిత్ర తెలుపుతుంది.