అద్దం లేని చోట ఒదిగిన లెన్సు

ఫిల్ము కెమెరాల చరిత్రలో రేంజ్‌ఫైండర్ కెమెరాకు అమర్చిన వైడ్ యాంగిల్ లెన్సులు అంత చిన్నవిగా ఉండటానికి ప్రధాన కారణం ఆ కెమెరా లోపల అద్దం లేకపోవడమే. రెండు కిటికీల గుండా వచ్చే ఒకే దృశ్యపు ప్రతిబింబాలను ఒకదానిపై ఒకటి కలిపి దూరాన్ని నిర్ణయించే ఏర్పాటును రేంజ్‌ఫైండర్ అంటారు. ఇందులో ఫొటోగ్రాఫర్ దృశ్యాన్ని వేరే వ్యూఫైండర్ గుండా చూస్తాడు కనుక లెన్సుకూ ఫిల్ముకూ మధ్య షట్టర్ తప్ప మరేదీ అడ్డు ఉండదు. లెన్సు గుండానే చూపించే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో మాత్రం షట్టర్ ముందు పైకి లేచే అద్దానికి చోటు వదలాల్సి వచ్చింది.

1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చిన లైకా కెమెరాకు 50 మి.మీ. నాభ్యంతరపు లెన్సు స్థిరంగా బిగించి ఉండగా, 1930లో లెన్సులు మార్చుకునే వీలుతోపాటు 35 మి.మీ. ఎల్మార్, 1935లో 28 మి.మీ. హెక్టార్ వచ్చాయి. ఆ తర్వాత సోవియట్ ఆప్టిక్స్ నిపుణుడు మిఖాయిల్ రుసినోవ్, జర్మన్ రూపకర్త లుడ్విగ్ బెర్టెలే వెలుతురు దూరే రంధ్రమైన అపెర్చర్‌కు అటూ ఇటూ దాదాపు ఒకే తీరున గాజు కటకాలను పేర్చే సౌష్ఠవ పద్ధతిని వైడ్ యాంగిల్ లెన్సులకు సమర్థంగా మలిచారు. ఒక సగం కలిగించే వక్రతను రెండో సగం సరిదిద్దుతుంది కనుక గోడల అంచులు చిత్రంలో నిటారుగానే నిలుస్తాయి. 1954లో జైస్ సంస్థ కాంటాక్స్ రేంజ్‌ఫైండర్ కెమెరా కోసం తెచ్చిన 21 మి.మీ. బయోగాన్, 1958లో లైకాకు వచ్చిన సూపర్ ఆంగులాన్ ఈ కోవలోవే. వాటి వెనుక కటకం దాదాపు ఫిల్ము దాకా చొచ్చుకుపోతుంది.

ఎస్‌ఎల్‌ఆర్‌లోని అద్దాన్ని తప్పించుకునేందుకు ఫ్రాన్సులో ఆంజెన్యూ సంస్థ 1950లో రెట్రోఫోకస్ లెన్సును తెచ్చింది. ముందు భాగంలో వెలుతురును విప్పార్చే పెద్ద కటకాలు చేర్చడం వల్ల అలాంటి లెన్సులు బరువెక్కాయి. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ ఎస్‌ఎల్‌ఆర్‌కు సౌష్ఠవ పద్ధతిలోని 21 మి.మీ. లెన్సును బిగించాలంటే అద్దాన్ని ముందే పైకెత్తి కట్టిపెట్టి, కెమెరా నెత్తిన విడిగా వ్యూఫైండర్ తగిలించాల్సి వచ్చేది. అంటే ఆ లెన్సు కోసం ఎస్‌ఎల్‌ఆర్ తన ప్రత్యేకతనే వదులుకునేది.

వాడుకలో రేంజ్‌ఫైండర్ వైడ్ యాంగిల్ లెన్సుల బలం స్పష్టత పరిధిలో ఉంది. 28 మి.మీ. లెన్సు అపెర్చర్‌ను ఎఫ్/8 వద్ద ఉంచి దూరాన్ని సుమారు 3.3 మీటర్లకు అమరిస్తే, దాదాపు 1.6 మీటర్ల నుంచి అనంతం వరకు అంతా తగినంత స్పష్టంగా వస్తుంది కనుక ప్రతిసారీ ఫోకస్ సరిచూసుకునే పని ఉండదు. న్యూయార్క్ వీధుల్లో లైకా ఎం4తో, 28 మి.మీ. లెన్సుతో తిరిగిన గ్యారీ వినోగ్రాండ్ వంటి ఫొటోగ్రాఫర్ల వేగానికి ఇదొక ఆధారం.

అద్దం లేని ఈ ఏర్పాటుకు మూల్యమూ ఉంది. చిత్రం మూలల్లో వెలుతురు తగ్గుతుంది. దగ్గరి వస్తువుల విషయంలో వ్యూఫైండర్ చూపే హద్దులకూ ఫిల్ముపై పడే హద్దులకూ తేడా వస్తుంది. లైకా ఎం5లో వెలుతురు కొలిచే చేయి లెన్సు వెనుకకు లేస్తుంది కనుక, లోపలికి చొచ్చుకొచ్చే సూపర్ ఆంగులాన్‌తో ఆ మీటరు పనికిరాలేదు.

1999లో జపాన్‌కు చెందిన కొసినా సంస్థ ఫోయిగ్ట్‌లాండర్ పేరుతో తెచ్చిన 15 మి.మీ. హెలియార్‌కు రేంజ్‌ఫైండర్‌తో సంధానమే లేదు; ఎఫ్/8 వద్ద సుమారు అర మీటరు నుంచే అంతా స్పష్టంగా వచ్చే లెన్సుకు దూరాన్ని కచ్చితంగా కొలవాల్సిన అవసరమే అంతగా లేదు. దానితోపాటు అమ్మిన బెస్సా-ఎల్ కెమెరాలో రేంజ్‌ఫైండరే కాదు, వ్యూఫైండర్ కూడా లేదు. అద్దం లేకపోవడాన్ని ఆసరా చేసుకుని ఎదిగిన లెన్సు చివరకు తనను పోషించిన యంత్రాంగాన్నే అనవసరం చేసింది.