భారత విశ్వవిద్యాలయ క్రీడల పాలన

దేశంలోని విశ్వవిద్యాలయాల జట్ల మధ్య పోటీలు నడిపే వ్యవస్థకూ, దాని నిర్వహణలో బయటపడిన లోపాలకూ సంబంధించిన చరిత్ర ఇది. ప్రస్తుతం ఈ బాధ్యత ఢిల్లీలోని భారత విశ్వవిద్యాలయాల సంఘానిది (ఏఐయూ). విద్యార్థి క్రీడాకారులు తమ పని తాము చేసినా, అధికారులు తమ పని చేయకపోవడం వల్ల ఫలితం దక్కని సందర్భాలు ఇందులో ఉన్నాయి. వాటిలో బాగా తెలిసినది విశాఖపట్నానికి చెందిన హర్డిల్స్ క్రీడాకారిణి యర్రాజీ జ్యోతిది.

ఈ సంస్థ పుట్టింది ఆటల కోసం కాదు. 1924లో ఉపకులపతులు సిమ్లాలో సమావేశమయ్యారు. మరుసటి ఏడాది ఇంటర్ యూనివర్సిటీ బోర్డు ఏర్పడింది. డిగ్రీల గుర్తింపు, విశ్వవిద్యాలయాల మధ్య సమన్వయం దాని ప్రధాన పనులు. 1935లో వర్సిటీ క్రికెట్‌కు రోహింటన్ బారియా కప్ వచ్చింది. తొలి ఏళ్లలో దాన్ని క్రికెట్ బోర్డే నడిపింది, తర్వాత విశ్వవిద్యాలయాల బోర్డు చేపట్టింది. అన్ని ఆటల్లో కలిపి మేటిగా నిలిచిన విశ్వవిద్యాలయానికి 1956–57 నుంచి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఇస్తున్నారు. బోర్డు 1973లో ఏఐయూగా పేరు మార్చుకుంది.

సంఘానికి అధ్యక్షుడిగా ఉండే ఉపకులపతి ఏడాదికొకరు మారతారు. పోటీల ఆతిథ్యం కూడా ఏటా చేతులు మారుతుంది. క్రీడా విభాగం శాశ్వతంగా ఉన్నా, మైదానంలో ఏర్పాట్ల భారమంతా ఆతిథ్య విశ్వవిద్యాలయంపైనే పడుతుంది. ఒకచోట నేర్చుకున్నది రెండోచోటికి అందదు. ఏదైనా తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది సంఘమా, ఆతిథ్య సంస్థా, క్రీడా సమాఖ్యా అన్న ప్రశ్న తేలకుండానే మిగులుతుంది. ఈ వ్యవస్థ అసలు బలహీనత ఇదే.

జ్యోతి 1999లో విశాఖలో పుట్టింది. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పనిచేసి కుటుంబానికి ఆసరా అయింది. నగరంలోని పోర్టు హైస్కూల్లో చదువుతూ పరుగు మొదలుపెట్టింది. తర్వాత హైదరాబాద్‌లో ఎన్. రమేశ్ వద్ద, ఆపై భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ వద్ద శిక్షణ పొందింది. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పూర్తిచేసింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. ఒడిశాకు చెందిన అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పిన ఆ రికార్డును దాటడం అంతవరకు ఎవరివల్లా కాలేదు.

కానీ ఆ 13.03 రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. భారత అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి ఆ మీట్‌లో లేడు. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ఆమెకు పరీక్ష చేయలేదు. ఈ రెండూ లేకుండా సమాఖ్య రికార్డును గుర్తించదు. నిబంధన న్యాయమైనదే. దేశం నలుమూలల నుంచి విశ్వవిద్యాలయాలు పాల్గొనే మీట్‌కు ఆ రెండు ఏర్పాట్లు లేకపోవడమే అన్యాయం. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో ఆమె 13.09లో పరుగెత్తినా గాలి వేగం పరిమితి దాటడంతో అదీ లెక్కకు రాలేదు. అది ప్రకృతి పని, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. చివరకు అదే ఏడాది మే 10న సైప్రస్‌లో 13.23తో రికార్డు ఆమెదైంది. మూడబిద్రి పరుగుకంటే అది నెమ్మదైన సమయమే. 2023 ఆగస్టులో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం గెలిచి మళ్లీ జాతీయ రికార్డు రాసింది. అక్కడ ఏర్పాట్లన్నీ నిబంధనల ప్రకారం ఉన్నాయి కాబట్టి ఆ అంకె నిలిచింది.

దేశంలో జరిగే వర్సిటీ పోటీల ధ్రువపత్రాలకు పతకాలను మించిన విలువ ఉంది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తమ వర్సిటీ తరఫున ఆడినవారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాకు అర్హులు. పోర్టు, ఉక్కు కర్మాగారం, రైల్వేల చుట్టూ బతికే విశాఖ లాంటి ఊళ్లో మధ్యతరగతి, పేద కుటుంబాలు పిల్లలను గ్రౌండ్‌కు పంపడానికి ఇదీ ఒక కారణం.

   

మూడబిద్రిలో లాంటి నిర్వహణ తప్పే 2025 జులైలో జర్మనీలోని రైన్-రూర్ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో జరిగింది. బ్యాడ్మింటన్‌కు ఏఐయూ భారత్ నుంచి 12 మందిని పంపింది. మేనేజర్ల సమావేశంలో జట్టు అధికారులు అందరి పేర్లూ సరిగా ఇవ్వకపోవడంతో ఆరుగురికి ఆడే అవకాశమే రాలేదు. మిగిలిన ఆరుగురితోనే భారత్ మిక్స్‌డ్ టీమ్ కాంస్యం గెలిచింది. ఆడలేకపోయిన క్రీడాకారులు బహిరంగంగా నిలదీశాకే విషయం దేశానికి తెలిసింది. ఏఐయూ తన సంయుక్త కార్యదర్శిని సస్పెండ్ చేసి విచారణకు ఆదేశించింది. రెండేళ్లకోసారి జరిగే ఈ క్రీడలకు వయోపరిమితి 25 ఏళ్లు కాబట్టి, ఆడలేకపోయినవారిలో కొందరికి మరో అవకాశం రాకపోవచ్చు.