కొత్త ఇంట్లో మాట ఎందుకు మోగుతుంది?

డాలస్ దగ్గర కొత్త ఇంట్లోకి మారాక, తెనాలిలో ఉన్న మా అమ్మకు వీడియో కాల్‌లో పిల్లల మాటలు అర్థం కాకుండా పోయాయి. అమ్మ చెవికి మిషన్ పెట్టుకుంటుంది. వాళ్ళు ఏం చెప్పినా "ఆఁ, ఆఁ" అని తలూపేది. తర్వాత మా వదినతో "పిల్లలకి తెలుగు పోతోందమ్మా" అని బాధపడిందట. అవే పిల్లలు, అదే ఫోను, అదే తెలుగు. మారింది గది ఒక్కటే.

శబ్దం అంటే గాలిలో కదిలే ఒత్తిడి అల. గొంతులోని స్వరతంతువులు కంపిస్తే పక్కనున్న గాలి నొక్కుకుని, మళ్ళీ విడిపోతుంది. ముందుకు సాగేది ఆ ఒత్తిడే, గాలి మాత్రం ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ అల వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. గట్టి గోడ తగిలితే వెనక్కి తిరుగుతుంది.

తిరిగొచ్చిన శబ్దం విడిగా వినిపిస్తే అది ప్రతిధ్వని. అందుకు సెకనులో పదో వంతు తేడా ఉండాలని బడిలో చదువుకున్నాం, అంటే గోడ సుమారు 17 మీటర్ల దూరంలో ఉండాలి. మన హాల్లో అంత దూరం ఎక్కడిది? శబ్దం వెంటనే తిరిగొచ్చి, ఇంకో గోడకూ నేలకూ పైకప్పుకూ తగులుతూ అసలు మాటలో కలిసిపోతుంది. ఇది ప్రతినాదం. అచ్చులు బలంగా, పొడవుగా ఉంటాయి. హల్లులు చాలావరకు పొట్టివి, మెత్తనివి. ఒక అచ్చు మోత తర్వాతి హల్లు మీద పడి దాన్ని మింగేస్తుంది. అప్పుడు కాలు, కారు, కాదు అన్నీ ఒకటే. ఎదురుగా కూర్చుంటే మన రెండు చెవులూ మెదడూ కలిసి కొంత సర్దుకుంటాయి. ఫోను మైకుకు ఆ నేర్పు తక్కువ.

1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలకూ ఇదే జబ్బు. బాగుచేసే పని వాలెస్ సాబిన్ అనే యువ ఫిజిక్స్ అధ్యాపకుడి మీద పడింది. ఆయన రాత్రిళ్ళు శాండర్స్ థియేటర్ నుంచి సీటు దిండ్లు తెప్పించి, వాటిని పెంచుకుంటూ పోయి, ఆర్గన్ పైపు మోత ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. దిండ్లు లేనప్పుడు 5 సెకన్లు దాటేది! ఆయన సూత్రం ఇప్పటికీ వాడతారు: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చే మొత్తం వైశాల్యంతో భాగించాలి. అన్నీ మీటర్లలో. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్ రూపకల్పనలో ఈ లెక్కే వాడారు.

నేనూ వేసి చూశాను. మా హాలు 6 మీటర్ల పొడవు, 5 వెడల్పు, 2.7 ఎత్తు. అంటే 81 ఘనపు మీటర్లు. గోడలు, నేల, పైకప్పు కలిపి దాదాపు 120 చదరపు మీటర్లు. ఖాళీ గదిలో అవి నూటికి 5 వంతులు పీలుస్తాయనుకుంటే 6 వస్తుంది. మోత 2 సెకన్లకు పైనే. పీల్చేది 25కి పెంచితే అర సెకను. మందపాటి రగ్గు, బరువైన కర్టెన్లు, గుడ్డ సోఫా, పుస్తకాల అల్మరా ఆ పని చేస్తాయి. తోలు సోఫా అంతగా చేయదు, అది కొన్నాక తెలిసింది నాకు.

డబ్బు ఖర్చులేని ఉపాయం, ఫోను నోటికి దగ్గరగా పెట్టడం. దూరం సగమైతే నేరుగా వెళ్ళే మాట తీవ్రత నాలుగింతలవుతుంది, గది మోత మాత్రం దాదాపు అంతే ఉంటుంది. మేము సోఫాకు ఎదురుగా టీవీ పక్కన ఫోను నిలబెట్టేవాళ్ళం, అన్నిటికన్నా పెద్ద తప్పు అదే.

మన గొంతే మనకు ఫోనులో తిరిగి వినిపిస్తే కారణం వేరు: అవతలి స్పీకర్ శబ్దం అవతలి మైకులోకే దూరుతోంది. వాళ్ళు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పోతుంది. పైఅంతస్తు అడుగుల చప్పుడును మాత్రం మన కర్టెన్లు ఆపలేవు. ఆ కంపనం కట్టడంలోంచే వస్తుంది, రగ్గు వేయాల్సింది పైవాళ్ళు.

మొన్న మా చిన్నది "పల్లు తోముకున్నా అమ్మమ్మా" అంటే, అమ్మ తెనాలి నుంచే "పల్లు కాదే, పళ్ళు" అని దిద్దింది.