పెట్రోలు ఇంజన్‌లో మిస్‌ఫైర్: కారణ నిర్ధారణ

పెట్రోలు ఇంజన్‌లోని సిలిండరులో గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమం మండకపోవడం, అరకొరగా మండడం, వేళ తప్పి మండడం – వీటన్నిటినీ కలిపి మిస్‌ఫైర్ అంటారు. మెకానిక్ షెడ్డుల్లో దీన్ని ‘మిస్సింగ్’ అంటారు. ఐడ్లింగ్‌లో బండి వణుకుతుంది, ఎక్సలరేటర్ తొక్కితే కుదుపులిస్తుంది, పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వస్తుంది. కారణం ఏదైనా ఈ లక్షణాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. అందువల్ల లక్షణాన్ని చూసి సామాను మార్చడం కాక, కారణాన్ని రుజువు చేసుకున్నాకే మార్చడం ఈ పనిలో అసలు నైపుణ్యం.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి ప్రతి సిలిండరూ ఒక్కసారి మండుతుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఐడ్లింగ్‌లో నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 1,600 సార్లు మండాలి. మూడు సిలిండర్ల బండిలో ఒకటి ఆగిపోతే బలంలో మూడో వంతు పోయినట్టే. ఆల్టో కె10, టియాగో వంటి కార్లలో మిస్సింగ్ వస్తే స్టీరింగ్ దాకా వణుకు తెలియడానికి కారణం ఇదే. మండడానికి కావలసినవి మూడు: బలమైన నిప్పురవ్వ, సరైన పాళ్లలో మిశ్రమం, తగినంత కంప్రెషన్. ఈ మూడూ సరైన క్షణంలో కలవాలి. శుద్ధమైన పెట్రోలుకు బరువు లెక్కన ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సుమారు 13.5 పాళ్లు చాలు.

కంప్యూటరు చెప్పేది, చెప్పనిది

సిలిండరు మండిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్ వేగం కాస్త పెరుగుతుంది. మండకపోతే ఆ క్షణంలో వేగం తగ్గుతుంది. క్రాంక్ సెన్సరు ఈ తేడాను పళ్ల చక్రం మీద కొలుస్తుంది, ఇంజన్ కంప్యూటరు దాన్నిబట్టి ఏ సిలిండరు తప్పిందో లెక్కగడుతుంది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి, భారతదేశంలో 2013 ఏప్రిల్ నుంచి, ఇలా తప్పులను బండే గుర్తించి కోడ్‌గా నమోదు చేసే ఓబీడీ–2 పద్ధతి తప్పనిసరి అయింది. గుంతల రోడ్డు మీద చక్రాల కుదుపు క్రాంక్ దాకా వెళ్లి మిస్‌ఫైర్‌లా కనిపించగలదు కాబట్టి, చాలా కార్లలో అలాంటి సమయంలో ఈ లెక్కను తాత్కాలికంగా ఆపే ఏర్పాటు ఉంటుంది.

చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే బండిని నెమ్మదిగా షెడ్డు దాకా నడిపించవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం ఎక్సలరేటర్ తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపాలి. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరులోకి చేరి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి పింగాణీ తేనెపట్టు కరిగిపోతుంది. ఒక్క ప్లగ్గుతో తీరే రిపేరు కన్వర్టరు ఖర్చు దాకా పోయేది ఈ హెచ్చరికను లెక్కచేయకపోవడం వల్లే.

ఆ కోడ్‌లను చదివే స్కానరులో పి0300 వస్తే తప్పు ఒకే సిలిండరుకు పరిమితం కాలేదని అర్థం. పి0301, పి0302 వంటివి వస్తే చివరి అంకె సిలిండరు సంఖ్యను చెబుతుంది. కోడ్ చెప్పేది చోటునే, కారణాన్ని కాదు. పి0302 చూడగానే రెండో సిలిండరు ప్లగ్గుకు వోల్టేజీ ఇచ్చే కాయిల్‌ను కొత్తది కొనడం తొందరపాటు. కోడ్‌ను చెరిపేసే ముందు దానితోపాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ చదవాలి. తప్పు జరిగినప్పుడు ఇంజన్ వేగం, వేడి, లోడు ఎంతో అందులో ఉంటాయి. ఐడ్లింగ్‌లో మాత్రమే వచ్చే మిస్సింగ్‌కు గాలి లీకును అనుమానించాలి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రమే వస్తే ప్లగ్గు, కాయిల్, పెట్రోలు పంపు వైపు చూడాలి. లోడు పెరిగేకొద్దీ సిలిండరులో ఒత్తిడి పెరిగి, రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ అవసరమవుతుంది. బలహీనపడిన కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది.

తారుమారు పరీక్ష

ఒకే సిలిండరు తప్పుతున్నప్పుడు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రెండో సిలిండరు కాయిల్‌ను మూడోదానికి, మూడోదాని కాయిల్‌ను రెండోదానికి మార్చి, కోడ్ చెరిపి బండి నడపాలి. కోడ్ పి0303కు మారితే తప్పు కాయిల్‌దే. మారకపోతే అదే పద్ధతిలో ప్లగ్గులను, తర్వాత వీలున్న చోట ఇంజెక్టర్లను మార్చి చూడాలి. ఒకసారికి ఒక్క వస్తువునే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఫలితానికి అర్థం లేకుండా పోతుంది. ఇంజన్ నడుస్తుండగా కాయిల్ ఊడదీసి రవ్వ చూసే పాత అలవాటు వదిలేయాలి. అక్కడ 20 వేల నుంచి 40 వేల వోల్టుల దాకా ఉంటుంది. మనిషికి ప్రమాదం, కాయిల్‌కూ నష్టం.

విప్పిన ప్లగ్గును శ్రద్ధగా చూస్తే చాలా తెలుస్తుంది. పొడి నల్ల మసి పేరుకుంటే పెట్రోలు ఎక్కువవుతోంది. నూనె జిడ్డు ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి. పెట్రోలుతో తడిసి ఉంటే ఇంధనం అందుతోంది, రవ్వ అందడం లేదు. తెల్లని పింగాణీ మీద నిలువుగా సన్నని నల్ల గీత ఉంటే కరెంటు లోపలికి కాకుండా బయటి నుంచి జారిపోతోంది. అలాంటప్పుడు ప్లగ్గుతోపాటు కాయిల్ రబ్బరు బూటునూ మార్చాలి. లేకుంటే పాత బూటులోని మచ్చ కొత్త ప్లగ్గునూ పాడుచేస్తుంది.

వానాకాలంలోనూ, ఇంజన్ గదిని నీళ్లతో కడిగిన తర్వాతా ప్లగ్గు గుంతలో నీరు నిలిచి మిస్సింగ్ రావడం మామూలే. రోజుల తరబడి కదలకుండా ఉన్న కారులో ఎలుకలు కొరికిన వైర్లను ముందుగా వెతకాలి.

మిశ్రమం, కంప్రెషన్

రవ్వ బాగుందని తేలాక స్కానరులో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, చూడాలి. ఐడ్లింగ్‌లో ట్రిమ్ 10 శాతం మించి ఎక్కువై, 2,500 చుట్ల దగ్గర మామూలుకు వస్తే ఎక్కడో గాలి లీకవుతోంది. పగిలిన వాక్యూమ్ పైపు, మానిఫోల్డ్ గ్యాస్కెట్ చూడాలి. ఐడ్లింగ్‌లో బాగుండి లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ ఎగబాకితే పంపు బలహీనపడిందో, ఫిల్టరు మూసుకుందో పరీక్షించాలి. ఇక్కడొక చిక్కుంది. రవ్వ లేక మండని సిలిండరు నుంచి వాడని ఆక్సిజన్ బయటికి పోతుంది. దాన్ని చూసి ఆక్సిజన్ సెన్సరు పెట్రోలు తగ్గిందని పొరబడుతుంది, కంప్యూటరు అనవసరంగా మరింత పెట్రోలు పోస్తుంది. కాబట్టి రవ్వ సంగతి తేల్చకుండా ట్రిమ్‌ను నమ్మరాదు.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులోకి ఎక్కువ నీరు చేరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పంపు ముందుగా లాగేది ఆ అడుగు పొరనే. పెట్రోలు పోయించిన వెంటనే అన్ని సిలిండర్లూ తప్పడం మొదలైతే ట్యాంకు నుంచి కాస్త నమూనా తీసి గాజు సీసాలో నిలవనిచ్చి, అడుగున వేరే పొర ఏర్పడుతుందేమో చూడాలి.

సీఎన్‌జీ బండ్లలో ఒక సౌకర్యం ఉంది. పెట్రోలు మీద నడిపి, గ్యాసు మీద నడిపి చూడవచ్చు. గ్యాసు మీద మాత్రమే తప్పితే గ్యాసు ఇంజెక్టరు, రెగ్యులేటరు చూసే ముందు ప్లగ్గులు చూడాలి. సీఎన్‌జీని మండించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, పెట్రోలుకు సరిపోయే అరిగిన ప్లగ్గు గ్యాసుకు చాలదు. రెండింటి మీదా తప్పుతుంటే ట్యాపెట్ల గ్యాప్ కొలవాలి. గ్యాసు మీద ఎక్కువ తిరిగిన ఇంజన్లలో వాల్వ్ సీట్లు అరిగి గ్యాప్ తగ్గుతుంది, వాల్వ్ పూర్తిగా మూసుకోదు.

ఇన్నిటికీ లొంగని మిస్సింగ్‌కు కంప్రెషన్ పరీక్షే దారి. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు సరఫరా, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలవాలి. అన్నిటికంటే తక్కువ రీడింగు, అన్నిటికంటే ఎక్కువ రీడింగులో నాలుగింట మూడు వంతుల కంటే తగ్గకూడదు. తగ్గితే ఆ సిలిండరులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగు పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులనో హెడ్ గ్యాస్కెట్‌నో చూడాలి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో ఒకేలా తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టే.

రిపేరు తర్వాత కోడ్ చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో నమోదైన వేగం, లోడు దగ్గరే బండిని నడిపి చూడాలి. మిస్సింగ్‌తో చాలాదూరం తిరిగిన బండిలో డిప్‌స్టిక్ వాసన చూడటం అవసరం. మండని పెట్రోలు గోడల వెంట జారి ఆయిల్‌లో కలిస్తే అది పలచబడి బేరింగులను కాపాడలేదు. ఆ వాసన ఉంటే ఆయిలూ ఫిల్టరూ మార్చాకే బండిని ఇవ్వాలి.