పుట్టింటికొచ్చిన కాండీ

మంగళగిరి కొండ మీద పానకాలస్వామికి బిందెడు పానకం పోస్తే, సగం తాను తాగి సగం మనకే ప్రసాదంగా వదిలేస్తాడంటారు. ఆ ప్రసాదం పుచ్చుకుని మెట్లు దిగుతూంటే మా చెల్లెలి కూతురు, "పానకం వద్దు పెద్దమ్మా, కాండీ కొనిపెట్టు" అని పేచీ పెట్టింది.

నాకు నవ్వొచ్చింది. కాండీ పరాయిపిల్లేం కాదు, మన ఆడపడుచే! సంస్కృతంలో 'ఖండం' అంటే ముక్క; ఆ మాటే చక్కెర గడ్డకీ పేరైంది. పారశీకం వెళ్లి 'కంద్' అయింది, అరబ్బుల నోట 'కందీ' అయింది, ఫ్రెంచివాళ్ల మీదుగా ఇంగ్లీషులో 'కాండీ' అయి పుట్టింటికొచ్చింది. మనమే గుర్తుపట్టలేదు.

మనమేం తక్కువా? పుదీనా జాతి ఆకైన పెప్పర్‌మింటుని పిప్పరమెంటు చేసి, నారింజబిళ్ళకీ ఆ పేరే పెట్టాం. కోకో చుక్కయినా లేనిదాన్నీ చాక్లెట్టే అన్నాం. బిళ్ళల కంపెనీలకీ ఇల్లు మారడం తప్పలేదు: 1952లో చిత్తూరులో పుట్టిన న్యూట్రిన్ 2006లో గోద్రెజ్ వారింటికి చేరింది.

మా అమ్మమ్మ కలకండ అనేది. అమ్మ పిప్పరమెంటంది, నేను చాక్లెట్టన్నాను, ఇది కాండీ అంటోంది. నాలుగు తరాల్లో అమ్మమ్మ మాట జారిపోయింది.

కొట్టు దగ్గర దాని చెవిలో ఓ మాట చెప్పాను. "తాతగారూ, కలకండ ఉందా?" అనడిగింది. ముసలాయన మొహం వెలిగిపోయింది. ఓ గడ్డ ఊరికే ఇచ్చాడు.