టీ దుకాణం వారి లెక్కల యంత్రం

వంటింటికీ కంప్యూటరుకీ చుట్టరికం ఏమిటని నవ్వకండి. వ్యాపారపు లెక్కల్ని మొట్టమొదట కంప్యూటరు చేత రోజువారీగా వేయించిన ఘనత ఏ బాంకుదో కాదు. ఇంగ్లండులో టీ, కేకులు అమ్ముకునే లయన్స్ కంపెనీది!

1947లో ఆ కంపెనీ మేనేజర్లిద్దరు ఆఫీసుపనిలో కొత్త పద్ధతులు చూసి రావడానికి అమెరికా వెళ్ళారు. తీరా అక్కడ తెలిసింది, తమ దేశంలోనే, కేంబ్రిడ్జిలో అలాంటి యంత్రం తయారవుతోందని. లయన్స్ వారు కేంబ్రిడ్జికి డబ్బిచ్చారు, ఒక మనిషినీ పంపారు. 1949లో ఆ యంత్రం పనిచేసింది. కొనుక్కుందామంటే బజారులో దొరికే సరుకు కాదు కదా! అందుకని దాన్ని చూసి తామే ఒకటి కట్టుకున్నారు. పేరు లియో. వేలకొద్దీ వాల్వులూ, పాదరసం నింపిన గొట్టాలూ. 1951లో అది బేకరీ లెక్కలు వేసింది. గుమాస్తాకి ఎనిమిది నిమిషాలు పట్టే ఒక మనిషి జీతం లెక్క దానికి ఒకటిన్నర సెకండు!

ఆ యంత్రానికి ప్రోగ్రాములు రాసినవారిలో మేరీ కూంబ్స్ అనే ఆవిడ ఉంది. చదివింది ఫ్రెంచి. ఆర్ట్స్ చదివిన నాకు ఎంత ధైర్యమో చూడండి!

అసలు కథ 1956లో ఉంది. ఫోర్డ్ కార్ల కంపెనీ తన జీతాల లెక్కల్ని లియో చేత వేయించుకోవడం మొదలుపెట్టింది. కార్లు చేసే వాళ్ళ జీతాలు టీ దుకాణం వాళ్ళ యంత్రంలో! మనం మిరపకాయలు మరకి పంపినట్టే. రోకలిపోటు తప్పుతుంది, నిజమే. కానీ మరవాడు తలుపేసుకుంటే ఆ పూట కూరలో కారం లేదు. ఇక్కడ కారం కాదు, కూలివాడి ఇంట్లో పొయ్యి. తరవాత ఫోర్డ్ వారూ లియో రకం యంత్రాన్నే సొంతానికి తెచ్చుకున్నారు. యంత్రం కట్టిన లయన్స్ వారేమో 1963లో ఆ వ్యాపారాన్ని ఇంగ్లీష్ ఎలక్ట్రిక్‌తో కలిపి, మెల్లగా పక్కకి తప్పుకున్నారు.

ఇప్పుడు క్లౌడ్ అంటున్నారు. పేరు మబ్బే గాని, అదీ ఎక్కడో నేలమీద ఎవరిదో యంత్రమే. మన పాస్‌బుక్కూ, ఆస్పత్రి కాగితాలూ, నా నవలల ప్రతులూ అక్కడే. సొంతమా, అద్దెదా అన్న ప్రశ్నకి ఒకే జవాబు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. నన్నడిగితే, ఇల్లాలి లెక్కే సరైనది: ఏది ఒక్కరోజు ఆగితే ఇల్లు గడవదో దానికి ఇంకో దారి కూడా చూసి ఉంచుకోవాలి. మర ఉంది కదా అని రోలు అమ్ముకోకూడదు సుమండీ!