లెమన్ చట్టాలు

కొత్తగా కొన్న వాహనంలో ఒకే లోపం పదే పదే తిరగబెడుతూ, ఎన్నిసార్లు బాగుచేసినా కుదుటపడకపోతే, తయారీదారు దాన్ని వెనక్కి తీసుకుని డబ్బు వాపసు ఇవ్వాలని, లేదా బదులుగా మరో కొత్త వాహనం ఇవ్వాలని నిర్దేశించే చట్టాలివి. పనికిమాలిన సరుకును, ముఖ్యంగా మొరాయించే కారును, అమెరికన్లు వాడుకలో ‘లెమన్’ అంటారు. ఆ మాటే చట్టాల పేరైంది. మొదటిది 1982లో కనెక్టికట్ రాష్ట్రంలో వచ్చింది. తర్వాత కొన్నేళ్లలో అమెరికాలోని 50 రాష్ట్రాలూ అలాంటివి తెచ్చుకున్నాయి. భారతదేశంలో ప్రత్యేకంగా లెమన్ చట్టం లేదు. ఇక్కడ కొనుగోలుదారు వినియోగదారుల రక్షణ చట్టం కిందే న్యాయం వెతుక్కోవాలి.

ఈ చట్టాలు తెచ్చిన అసలు మార్పు నిరూపణ భారానికి సంబంధించినది. లోపం ఏ భాగంలో ఉంది, ఎందుకు వచ్చింది అన్నది కారు కొన్నవాడు తేల్చనక్కరలేదు. ఎన్నిసార్లు షెడ్డుకు తీసుకెళ్లాడు, బండి అక్కడ ఎన్ని రోజులు పడి ఉంది అన్న లెక్క చూపిస్తే చాలు. ఇంజినీరింగ్ తెలియని మనిషికి, ఇంజినీర్ల సైన్యం ఉన్న కంపెనీకి మధ్య తగాదాలో ఇది చిన్న మార్పు కాదు.

చట్టాలకు ముందు

1955 మే నెలలో న్యూజెర్సీలో ఒకాయన మదర్స్ డే కానుకగా భార్యకు కొత్త ప్లిమత్ కారు కొన్నాడు. పది రోజులకు, మీటరులో 468 మైళ్లు ఉండగా, ఆమె నడుపుతుంటే బానెట్ కింద ఏదో విరిగినట్టు చప్పుడైంది. స్టీరింగ్ చేతుల్లోనే గిర్రున తిరిగిపోయింది. కారు కుడివైపు దూసుకెళ్లి ఇటుక గోడను గుద్దుకుంది. కంపెనీ ఇచ్చిన వారంటీ 90 రోజులు లేదా 4,000 మైళ్లు. అది కూడా చెడిపోయిన భాగం మార్చడానికే పరిమితమని, మరే బాధ్యతా లేదని కొనుగోలు కాగితం వెనక సన్నని అక్షరాల్లో ఉంది. అప్పట్లో అమెరికాలోని పెద్ద కంపెనీలన్నీ ఇదే నమూనా వారంటీ వాడేవి కాబట్టి వేరే షోరూమ్‌కు వెళ్లినా ఒరిగేదేమీ లేదు. హెన్నింగ్‌సెన్ వర్సెస్ బ్లూమ్‌ఫీల్డ్ మోటార్స్ పేరుతో సాగిన ఈ కేసులో 1960లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదంది. బేరమాడే అవకాశమే లేని మనిషి చేత సంతకం పెట్టించుకుని బాధ్యత దులుపుకోవడం కుదరదని తేల్చింది.

అదే రాష్ట్రంలో 1968లో తీర్పు వచ్చిన జబ్రిస్కీ షెవర్లే కేసు లెమన్ చట్టాలకు ఇంకా దగ్గరిది. కొత్త షెవర్లే కారును షోరూమ్ నుంచి ఇంటికి తీసుకెళ్తుంటే మైలు కూడా దాటకముందే ట్రాఫిక్ లైటు దగ్గర ఆగిపోయింది. మళ్లీ కదిలించి, డ్రైవ్ గేరు పనిచేయక లో గేరులో నత్తనడకన ఇల్లు చేర్చారు. కొన్నాయన వెంటనే బ్యాంకుకు చెప్పి చెక్కు చెల్లింపు ఆపించాడు. డీలర్ బండిని లాక్కెళ్లి, షోరూమ్‌లో ఉన్న మరో కారు ట్రాన్స్‌మిషన్ ఊడదీసి దీనికి బిగించి, బాగైంది తీసుకెళ్లమన్నాడు. కొన్నాయన ససేమిరా అన్నాడు. డీలర్ దావా వేశాడు, ఓడిపోయాడు. చాలామందికి ఇంటి తర్వాత జీవితంలో పెద్ద కొనుగోలు కారే. దాని మీద ఒకసారి నమ్మకం సడలాక ఎక్కిన ప్రతిసారీ బెంగే. కాబట్టి వేరే బండి భాగం అతికించి ఇచ్చి, కొత్త కారు ఇచ్చేశామనడం చెల్లదని కోర్టు అంది. సరుకు విలువలో మనశ్శాంతి కూడా ఒక భాగమని న్యాయస్థానం ఒప్పుకున్న సందర్భం ఇది.

అయితే ఇలాంటి విజయాలు కోర్టు ఖర్చులు భరించగలిగిన వాళ్లవే. రాష్ట్రాలు ఆమోదించిన యూనిఫాం కమర్షియల్ కోడ్ ప్రకారం లోపమున్న సరుకు తిప్పికొట్టే హక్కు ఉన్నా, అమ్మినవాడికి సరిచేసే అవకాశం కూడా ఇవ్వాలి. ఆ అవకాశం ఎన్నిసార్లు అన్నది కోడ్‌లో లేదు. కంపెనీలు ఆ ఖాళీలోనే నెలల తరబడి కాలం గడిపేవి. 1970లో కాలిఫోర్నియా వినియోగదారుల వారంటీలపై సాంగ్-బెవర్లీ చట్టం తెచ్చింది. 1971లో వినియోగదారుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్ మరో ఇద్దరితో కలిసి లెమన్ యజమానుల కోసమే ఒక కరదీపిక రాశాడు. 1975 జనవరి 4న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం వచ్చింది. ‘పూర్తి వారంటీ’ అని రాసిచ్చిన కంపెనీ తగినన్నిసార్లు ప్రయత్నించినా బాగుచేయలేకపోతే డబ్బు గానీ, కొత్త సరుకు గానీ ఇవ్వాలి. కార్ల కంపెనీలు మాత్రం ‘పరిమిత వారంటీ’ అని రాసి ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాయి. గెలిచిన వినియోగదారుడి లాయరు ఫీజు కంపెనీ నుంచి రాబట్టే వీలు కల్పించడం ఆ చట్టం చేసిన నిజమైన మేలు.

ఇదే కాలంలో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ లెమన్ల సంతపై 1970లో ప్రచురించిన వ్యాసం ప్రసిద్ధికెక్కింది. మూడు పత్రికలు తిరగ్గొట్టిన ఆ వ్యాసమే 2001లో ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టింది. సరుకు గుట్టు అమ్మేవాడికే తెలిసిన చోట మంచి సరుకు సంతలోంచి తప్పుకుంటుందని ఆయన వాదన. పాత కార్లతో పాటు, భారతీయ బజార్లలో బియ్యంలో కావాలని కలిపే రాళ్లను కూడా ఆయన ఉదాహరించాడు.

కనెక్టికట్, ఆ తర్వాత

కనెక్టికట్ శాసనసభ్యుడు జాన్ వుడ్‌కాక్ ప్రతిపాదించిన చట్టం 1982 అక్టోబర్ 1 నుంచి అమలైంది. ‘తగినన్నిసార్లు’ అన్న అస్పష్టమైన మాటకు అది అంకె వేసింది. మొదటి ఏడాదిలో ఒకే లోపానికి 4 సార్లు మరమ్మతు చేసినా పోకపోతే, లేదా కారు మొత్తం 30 రోజులు షెడ్డులోనే ఉండిపోతే, కంపెనీకి తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టే. కాలిఫోర్నియాలో శాలీ టానర్ ప్రతిపాదించిన చట్టం 1983 మొదట్లో అమల్లోకి వచ్చింది. న్యూయార్క్ 1983లో కొత్త కార్లకు చట్టం తెచ్చి, మరుసటి ఏడాది పాత కార్లకూ ఒకటి చేసింది.

కంపెనీలు ఊరుకోలేదు. తగాదాను ముందు తాము నడిపే మధ్యవర్తిత్వ సంఘాల ముందుకు తేవాలని పట్టుబట్టాయి. తీర్పరిని పోషించేది కంపెనీయే అయితే కొన్నవాడికి నమ్మకం ఎక్కడిది? ఈ ఫిర్యాదుతోనే కనెక్టికట్ 1984లో ప్రభుత్వమే నడిపే మధ్యవర్తిత్వం ప్రవేశపెట్టింది. న్యూయార్క్‌లో ఇలాంటి ఏర్పాటును తయారీదారులు కోర్టులో సవాలు చేసి 1990లో ఓడిపోయారు.

డబ్బు వాపసులో వాడకానికి కొంత కోత ఉంటుంది. కాలిఫోర్నియా సూత్రం ప్రకారం, ఆ లోపం కోసం మొదటిసారి షెడ్డుకు తెచ్చేటప్పటికి తిరిగిన మైళ్లను 1,20,000తో భాగించి, కారు ధరతో గుణిస్తారు. 36,000 డాలర్ల కారు 6,000 మైళ్లకు మొదటిసారి షెడ్డుకు వస్తే కోత 1,800 డాలర్లు. కంపెనీ ఎంతకాలం సాగదీసినా ఈ అంకె పెరగదు. ఈ సూత్రంలోని న్యాయం అక్కడే ఉంది.

అంకెలు రాష్ట్రానికొక తీరు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న న్యూజెర్సీలో గడువు 2 సంవత్సరాలు లేదా 24,000 మైళ్లు. 3 మరమ్మతులు, లేదా మొత్తం 20 రోజులు. లీజు కార్లకూ వర్తిస్తుంది. కానీ చివరి అవకాశం ఇస్తున్నట్టు తయారీదారుకు సర్టిఫైడ్ పోస్టులో ఉత్తరం పంపాలి. డీలర్‌తోనే మాట్లాడుతూ ఆ ఉత్తరం సంగతి మరిచిన వాళ్లు హక్కు ఉండి కూడా చిక్కుల్లో పడతారు.

వెనక్కి తీసుకున్న లెమన్లు ఏమవుతాయన్నది తర్వాతి సమస్య. కంపెనీలు వాటిని వేలంలో పెట్టి, మరో రాష్ట్రంలో మామూలు పాత కార్లలా చేతులు మారేలా చేసిన ఉదంతాలు బయటపడ్డాయి. అందుకే కాలిఫోర్నియా అలాంటి కారు యాజమాన్య పత్రం మీద, డ్రైవర్ వైపు డోర్ ఫ్రేమ్ మీద కూడా లెమన్ చట్టం కింద వెనక్కి తీసుకున్నదని రాయాలని నిర్దేశించింది. అదే రాష్ట్రంలో ఇటీవల గాలి కొంత ఎదురు తిరిగింది. తయారీదారు వారంటీ ఇంకా మిగిలి ఉన్నంత మాత్రాన పాత కారు ‘కొత్త వాహనం’ కిందికి రాదని 2024 అక్టోబర్ 31న అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. దావాల గడువును, ముందస్తు నోటీసును కంపెనీలకు అనుకూలంగా మార్చిన కొత్త విధానం కూడా అదే ఏడాది చట్టమైంది.

ఇతర దేశాలు

సింగపూర్ (2012), ఫిలిప్పీన్స్ (2014), దక్షిణ కొరియా (2019) వేర్వేరు రూపాల్లో లెమన్ చట్టాలు తెచ్చాయి. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద లోపమున్న సరుకును 30 రోజుల్లోగా తిప్పికొట్టవచ్చు. చైనా 2013 అక్టోబర్ 1 నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం 60 రోజులు లేదా 3,000 కిలోమీటర్ల లోపు స్టీరింగ్ గానీ బ్రేకు గానీ విఫలమైతే ఒక్కసారికే కారు మార్చివ్వాలి.

ఆసియాలో ఈ చట్టాల వెనక నడివీధి నిరసనలున్నాయి. 2011లో వినియోగదారుల హక్కుల దినమైన మార్చి 15న చైనాలోని చింగ్‌దావ్‌లో ఒక యజమాని తన లాంబోర్గినీని సుత్తులతో పగలగొట్టించాడు. 2015లో కొరియాలోని గ్వాంగ్‌జులో నడుస్తూనే పదే పదే ఆగిపోయిన ఖరీదైన కారును ఒకతను డీలర్ గుమ్మం ముందే గోల్ఫ్ కర్రతో బాదాడు. మరమ్మతు కాగితాలకు విలువ ఇచ్చే చట్టం లేనప్పుడు మనిషి చేతిలో మిగిలిన సాక్ష్యం అదే.

భారతదేశం

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజుల్లో వచ్చిన కారును తిప్పిపంపే ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో నాణ్యతపై హామీ ఉన్నా సివిల్ కోర్టుకు ఎక్కే ఓపిక ఎందరికుంటుంది? 1986 వినియోగదారుల రక్షణ చట్టం ఆ దారి తెరిచింది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టం దాని స్థానంలో నిలిచింది. లోపం తొలగించమని, సరుకు మార్చివ్వమని, ధర వాపసు ఇమ్మని, పరిహారం చెల్లించమని వినియోగదారుల కమిషన్ ఆదేశించవచ్చు.

ఇన్ని అధికారాలున్నా కొన్నవాడు ‘తయారీ లోపం’ అన్న మాట దగ్గర చిక్కుకుంటాడు. బండి పది సార్లు షెడ్డుకు వెళ్లిందన్నది దానంతటదే నిరూపణ కాదు. పరీక్ష అవసరమైన లోపమైతే చట్టం ప్రకారం ప్రయోగశాలకు పంపాలి, లేదా నిపుణుడి నివేదిక తేవాలి. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతు చెడిన భాగం మార్చడం వరకే కాబట్టి కారు మొత్తం మార్చివ్వమనడం సరికాదంది. వినియోగదారుల మీద ఈ తీర్పు నీడ చాలాకాలం ఉంది. 2021లో టాటా మోటార్స్ కేసులో, తయారీదారుకు తెలియకుండా డీలర్ చేసిన తప్పును తయారీదారు మీద మోపలేమని కోర్టు చెప్పింది. ఊరట 2022లో దొరికింది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ క్రెటా కేసులో, లోపం కళ్లెదుటే ఉన్నప్పుడు నిపుణుడి సాక్ష్యం కోసం పట్టుబట్టనక్కరలేదని సుప్రీంకోర్టు తేల్చి, వాహనం మార్చివ్వాలన్న ఆదేశాన్ని నిలబెట్టింది.

హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక వివాదం ఈ బాట ఎంత పొడుగో చూపిస్తుంది. 2009 సెప్టెంబర్ 25న ఒక నిర్మాణ సంస్థ బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొంది. నాలుగు రోజులకే తీవ్రమైన లోపం, నవంబర్ 13న మళ్లీ అదే తంతు. సంస్థ కమిషన్‌కు వెళ్లకుండా మోసం కింద క్రిమినల్ కేసు పెట్టింది. 2012 మార్చిలో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఆ కేసు కొట్టేస్తూనే కొత్త కారు ఇవ్వమంది. కంపెనీ సిద్ధపడింది, సంస్థ వడ్డీతో సహా డబ్బే కావాలంది. చివరికి 2024 జూలై 10న సుప్రీంకోర్టు తుది పరిష్కారంగా 50 లక్షల రూపాయలు చెల్లించమంది. కారు కొన్న రోజుకు, ఆ తీర్పుకు మధ్య దాదాపు 15 ఏళ్లు.

సామాన్యుడి ఫిర్యాదు నిలబడేదీ పడిపోయేదీ చాలావరకు సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు మీదే. బండి ఇచ్చిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ, మీటరు రీడింగు, యజమాని చెప్పిన ఇబ్బంది అందులో ఉండాలి. ‘ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో క్లచ్ జారుతోంది, కాలిన వాసన’ అని యజమాని చెబితే, అడ్వైజర్ ‘జనరల్ చెకప్’ అని రాసి, చివర ‘చెక్ చేశాం, ఓకే’ అని ముద్ర కొడితే, ఏడాది తర్వాత కమిషన్ ముందు ఆ రోజు బండికి ఏ జబ్బూ లేనట్టే లెక్క. ఇబ్బందిని తన మాటల్లోనే రాయించుకుని, నకలు అక్కడికక్కడే అడిగి తీసుకోవడం యజమాని హక్కు. ఉండి ఉండి వచ్చే లోపానికైతే ఫోనులో తీసిన వీడియో చాలా సాయపడుతుంది.

కొత్త చట్టంలో యజమాని నివాసమున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. కడపలో ఉండే వ్యక్తి హైదరాబాద్‌లో కొన్న కారుకు కడప కమిషన్‌కే వెళ్లవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషన్ పరిధి. గడువు 2 సంవత్సరాలు. వాణిజ్యానికి కొన్నవి చట్టం పరిధిలోకి రావు గానీ, సొంతంగా నడుపుకుని బతకడానికి క్యాబ్ కొన్న డ్రైవరు మాత్రం వినియోగదారుడే.

2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో చేర్చిన 110ఎ సెక్షన్ 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వానికి రీకాల్ ఆదేశించే అధికారం ఇచ్చింది. కానీ దానికి ఒకే మోడల్‌లో నిర్దిష్ట శాతం యజమానులు ఫిర్యాదు చేయాలి, లేదా పరీక్షల వంటి మార్గాల్లో ప్రమాదకర లోపం బయటపడాలి. ఒక్క బండిలో తిరగబెట్టే లోపానికి అది పనికిరాదు. ఆ యజమాని ఇప్పటికీ తన జాబ్ కార్డుల కట్టతో జిల్లా కమిషన్‌కే వెళ్లాలి.